మూల కూర్చున్న కుక్కకు ఇల్లు వెతకడం

వీధికుక్కను తెచ్చి పెంచుకుందామని షెల్టరుకు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఆదివారం పొద్దున వెళతారు. సెలవు రోజు, పిల్లలు కూడా వస్తామంటారు. కుక్కల వైపునుంచి చూస్తే వారంలో అంతకన్నా చెడ్డ పూట లేదు. పనివాళ్లు తక్కువ, వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. గేటు తీసిన ప్రతిసారీ ఒక కుక్క మొదలుపెడుతుంది, మిగతావన్నీ అందుకుంటాయి. రేకుల కప్పు కింద, సిమెంటు గోడల మధ్య ఆ చప్పుడు ఎక్కడికీ పోదు. విదేశాల్లో కొన్ని షెల్టర్లలో కొలిచి చూస్తే ఈ మొరుగుడు 100 డెసిబెల్స్ దాటింది. చెవులకు రక్షణ లేకుండా ఫ్యాక్టరీలో మనిషి చేత రోజంతా పని చేయించకూడని మోత అది. కుక్క చెవి మన చెవికన్నా చాలా చురుకైనది.

ఆ గోలలో మీరు బోను ముందు నిలబడతారు. ఒక కుక్క జాలీ మీదికి ఎగిరెగిరి మొరుగుతుంటుంది. ఇంకొకటి గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మరొకటి వెనక మూలలో గోడకేసి ముఖం పెట్టి, ఎంత పిలిచినా చెవి కూడా కదపకుండా కూర్చుంటుంది. మొదటిదాన్ని చూసి ‘అమ్మో, కరిచేలా ఉంది’ అంటారు. రెండోదాన్ని చూసి ‘దీనికేదో పిచ్చి’ అంటారు. మూడోదాని దగ్గర కాసేపు ఆగి, ‘పాపం, జబ్బు చేసినట్టుంది’ అని నాలుక చప్పరించి, చివర్న కూనలున్న గదికి వెళ్లి బొద్దుగా ఉన్నదాన్ని ఎత్తుకుంటారు.

నేనివాళ మాట్లాడబోయేది మిగిలిపోయిన ఆ కుక్కల గురించి. ముఖ్యంగా మూల కూర్చున్న ఆ మూడోదాని గురించి. బోనులో చూసిన కాసేపటికే కుక్క స్వభావాన్ని తేల్చేస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. కాబట్టి దానికి ఇల్లు వెతికే పని బోను ముందు మొదలుపెట్టకూడదు. ముందు దాన్ని కొన్నాళ్లు బయటికి తేవాలి, చూడాలి, ఆ తర్వాత ఇల్లు వెతకాలి.

అంతకన్నా ముందు ఒక మాట. ప్రతి వీధికుక్కకూ ఇల్లు వెతకాలని నేను అనడం లేదు. 2019 పశుగణన ప్రకారమే దేశంలో వీధికుక్కలు కోటిన్నర దాటాయి. అన్ని ఇళ్లు దొరకవు, అవసరమూ లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి, రేబిస్ టీకా పడి, అందుకు గుర్తుగా చెవి అంచున చిన్న కత్తిరింపుతో, నాలుగు గుమ్మాల్లో పెరుగన్నం తింటూ బతికే కుక్కకు ఆ వీధే ఇల్లు. కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు కూడా అదే చెబుతాయి: ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కను పట్టుకున్న చోటే వదలాలి.

అయితే 2025లో పరిస్థితి కొంత మారింది. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 11న ఆదేశించింది. అదే నెల 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ సోకినవి, దూకుడుగా మీదపడేవి తప్ప మిగతావాటిని టీకాలు వేసి వాటి చోటికే పంపమంది. కుక్కను దత్తత తీసుకోదలిచినవాళ్లు స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్నాక అది మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కూడా అందులోనే చెప్పింది. తర్వాత నవంబరు 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. బడులు, కాలేజీలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్న కుక్కలను పట్టుకుంటే తిరిగి అక్కడ వదలకూడదు, షెల్టరుకే పంపాలి.

ఈ ఉత్తర్వుల మీద నాకు నా అభిప్రాయాలున్నాయి. అవి ఇవాళ్టి విషయం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ వార్త విన్న తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసిపారేసే కుక్కల ప్రేమ నాకు నచ్చదు. ఇప్పుడు చూడాల్సింది ఒకటుంది. పుట్టిందగ్గర్నుంచి ఆసుపత్రి వరండాలో వేలమంది కాళ్ల మధ్య పెరిగిన కుక్క, బస్టాండులో ఇడ్లీ ముక్కల మీద బతికిన కుక్క ఇకమీద షెల్టరుకు వస్తాయి. వీటిలో చాలావాటికి మనుషులంటే భయం లేదు. వాటిని భయపెట్టేది బోను.

భయపడిన కుక్క ఒంట్లో ఏం జరుగుతుందో శాస్త్రవేత్తలు కొలిచారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మైకేల్ హెన్నెసీ బృందం షెల్టరుకు కొత్తగా వచ్చిన కుక్కల రక్తంలో కార్టిసాల్ ఎంతుందో పరీక్షించింది. ఒత్తిడి పెరిగినప్పుడు శరీరంలో పెరిగే హార్మోను అది. మొదటి మూడు రోజులూ అది ఇళ్లలో పెరిగే కుక్కలకన్నా బాగా ఎక్కువగా ఉన్నట్టు 1997లో ప్రచురించారు. పైకి కనిపించే గుర్తులకు యంత్రాలు అక్కర్లేదు. ఎండ లేకపోయినా నాలుక చాపి రొప్పడం, తినడానికి ఏమీ లేకున్నా మూతి నాకుకోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తోక పొట్ట కిందికి లాక్కోవడం, తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి తెల్లగుడ్డు కనపడేలా చూడడం. కొన్ని అన్నం ముట్టవు. కొన్ని సొంత కాలినే పుండు పడేదాకా నాకుతాయి. మనవాళ్లు దీన్ని చక్కగా బెంగ పెట్టుకుందంటారు.

అయితే తిండి మానేసిన ప్రతి కుక్కదీ బెంగ కాదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, డిస్టెంపర్, కూనలకైతే పార్వో, ఇవన్నీ మొదట్లో ఇలాగే ఉంటాయి. డాక్టరు చూసి, రక్త పరీక్ష చేసి, జబ్బు లేదన్నాకే బెంగ మాట ఎత్తాలి. షెల్టర్లలో ఈ వరస తప్పడం నేను చూస్తుంటాను. ప్రేమ ఎక్కువైనచోట థర్మామీటరు మరిచిపోతారు.

మహాభారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడి యాగం దగ్గర ఆడుకుంటున్న సరమ కొడుకును రాజుగారి తమ్ముళ్లు ఊరికే కొట్టి తరిమారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చింది. ఏ తప్పూ చేయనివాణ్ని కొట్టారు కాబట్టి మీకు ఏ కారణమూ లేకుండా భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లిపోయింది. నన్నయగారి పుణ్యమా అని తెలుగువాళ్లకు బాగా తెలిసిన కథే. షెల్టరులో నాకు ఆ కథ తలకిందులుగా గుర్తొస్తుంటుంది. ఇక్కడ కారణం లేని భయంతో వణికేది కుక్క. కారణం లేదని మనం అనుకుంటాం గానీ, తవ్వితే దొరుకుతుంది. ఖాకీ చొక్కాను చూసి వణికేదాన్ని ఖాకీ వేసుకున్నవాళ్లే వల వేసి పట్టి ఉంటారు. హెల్మెట్టు, చీపురు, చేతిలోకి తీసిన చెప్పు, తాడు, రాయి కోసం నేలకు వంగిన మనిషి, వీటిలో ఏదో ఒకదానితో ప్రతి వీధికుక్కకూ ఒక పాత లెక్క ఉంటుంది.

మా ప్రాంతంలో నేను వెళ్లే షెల్టరుకు ఒక ఆడకుక్క వచ్చింది. గోధుమ రంగు, ముందుకాళ్లు తెలుపు, నాలుగేళ్లుండొచ్చు. ఎడమ చెవికి కత్తిరింపు ఉంది. ఒక ఆసుపత్రి ఆవరణలో పెరిగింది. అక్కడి ఆయమ్మలు దాన్ని రాణి అనేవాళ్లు. రాత్రి డ్యూటీ నర్సు లిఫ్టు దాకా వెళితే వెంట నడిచేదట. షెల్టరులో అది రాణిలా లేదు. వచ్చినప్పటినుంచీ మూలే. పగలు గిన్నె ముట్టదు, రాత్రి అందరూ పోయాక తింటుంది. శుభ్రం చేయడానికి లోపలికి వెళ్లిన కుర్రాడి మీద ఒకసారి పళ్లు చూపించింది. దాంతో దాని బోనుకు ‘జాగ్రత్త’ అని ఎర్ర అట్ట తగిలించారు. ఆ అట్ట చూశాక దాని ముందు ఎవరూ ఆగలేదు.

రాణితో చేసిన పనులు వింటే మీకు నవ్వొస్తుంది. బోనుకు సగం దాకా పాత దుప్పటి కట్టాం. లోపల ఒక ఫ్రిజ్ అట్టపెట్టెను పక్కకు పడేసి పెట్టాం, దాక్కోవడానికి. దాక్కునే చోటు ఉన్న కుక్కే కాసేపటికి బయటికి తొంగి చూస్తుంది. చోటు లేనిది మూలకు అతుక్కుంటుంది. రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు వెళ్లాలి. వెళ్లి దాని వైపు చూడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, చేయి చాపకూడదు. పక్కకు తిరిగి నేలమీద కూర్చుని పేపరు చదువుకోవాలి. దగ్గర్లో ఉడికించిన కోడి కాలేయం ముక్కలు నాలుగు పడేసి, లేచి వచ్చేయాలి. కుక్కను మచ్చిక చేయడమంటే మనమేదో చేయాలనుకుంటాం. ఇక్కడ ఏమీ చేయకుండా కూర్చోవడమే పని, ఉత్సాహం ఉన్న కుర్రవాళ్లకు అది మహా కష్టం.

తిండితో పాటు చేయి కూడా కావాలి. కోల్‌కతా ఐసర్‌లో అనిందిత భద్ర బృందం వీధికుక్కల మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. ముక్కూ ముఖం తెలియని మనిషి పదేపదే వచ్చి కలుస్తుంటే వీధికుక్క దేన్ని చూసి నమ్ముతుందని వాళ్లు పరీక్షించారు. తిండి పెట్టినవాళ్లకన్నా తల నిమిరినవాళ్లనే ఎక్కువ నమ్మిందని 2017లో ప్రచురించారు. రాణి విషయంలో నిమిరే దశ చాలా ఆలస్యంగా వచ్చింది. అది కూడా మేం అడగలేదు. ఒక సాయంత్రం తనే వచ్చి నా మోకాలికి వీపు ఆనించి కూర్చుంది.

ఇక్కడ రేడియో ప్రస్తావన కూడా చేయాలి. షెల్టరు కుక్కలకు ఏం వినిపిస్తే కుదురుగా ఉంటాయో ఉత్తర ఐర్లాండ్‌లో డెబొరా వెల్స్ బృందం 2002లో పరీక్షించింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పెడితే కుక్కలు మొరగడం తగ్గించి ఎక్కువసేపు పడుకున్నాయి. హెవీ మెటల్ పెడితే మొరుగుడు పెరిగింది. మనుషుల మాటలు వినిపిస్తే ఏమీ పెట్టనప్పటికన్నా పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఈ రేడియో ప్రసంగం మీ కుక్క మీద ఏమీ పనిచేయదు. దీని తర్వాత వచ్చే వీణ కచేరీ పనిచేయవచ్చు, కాస్త చిన్న శబ్దంతో పెట్టి చూడండి.

ఇవన్నీ చేసినా షెల్టరు షెల్టరే. దుప్పటి కట్టినంత మాత్రాన మొరుగుడు ఆగదు. అసలు మందు తాత్కాలిక ఇల్లు. ఇప్పుడందరూ ఫోస్టర్ అంటున్నారు. మనింట్లో ఉంచుకుంటాం, మనది చేసుకోం. దీనికి ఎప్పుడూ వచ్చే అభ్యంతరం ఒకటుంది: నాలుగు రోజులు ఇంటి సుఖం చూపించి మళ్లీ బోనులో పడేస్తే అది ఇంకా కుంగిపోదా? న్యాయమైన ప్రశ్నే. లీసా గంటర్, క్లైవ్ విన్ వాళ్ల బృందం అమెరికాలో ఐదు షెల్టర్లలోని కుక్కలను ఒకటి రెండు రాత్రుల కోసం ఇళ్లకు పంపి, వెళ్లకముందు, ఉన్నప్పుడు, తిరిగొచ్చాక కార్టిసాల్ కొలిచింది. 2019లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, ఇంట్లో ఉన్నప్పుడు అది తగ్గింది. తిరిగొచ్చాక పాత స్థాయికి చేరింది గానీ, దాన్ని దాటి పెరగలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మధ్యలో లేవకుండా ఎక్కువసేపు నిద్రపోయాయి. పెళ్లివారింట్లో నాలుగు రాత్రులు నిద్రలేక చిరాకుపడే మనకు, నెలల తరబడి సరైన నిద్ర లేని కుక్క పళ్లు చూపిస్తే ఆశ్చర్యమెందుకో!

అదే బృందం తర్వాత 51 షెల్టర్లలో లెక్కలు తీసి 2023లో ప్రచురించింది. కాసేపు బయట తిప్పి తెచ్చిన కుక్కలకు ఇల్లు దొరికే అవకాశం 5 రెట్లు, కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకున్నవాటికి 14 రెట్లు పెరిగింది. బయటికి తీసుకెళ్లేవాళ్లు కాస్త మంచి కుక్కనే ఎంచుకుని ఉండొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఉండొచ్చు. కొంత తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు. ఇల్లు దొరకడానికి కారణం కూడా సులువుగానే అర్థమవుతుంది. ఫోస్టర్ ఇంట్లో ఉన్న కుక్క గురించి చెప్పడానికి మన దగ్గర కబుర్లుంటాయి. రాత్రి ఎక్కడ పడుకుంటుంది, కుక్కరు విజిలుకు ఏం చేస్తుంది, పాలవాణ్ని చూసి మొరుగుతుందా, పిల్లి కనిపిస్తే గొలుసు లాగుతుందా. బోను మీద అంటించిన కాగితంలో ‘ఆడ, నాలుగేళ్లు, టీకాలు వేశాం’ అన్న మాటలు చదివి కుక్కను ఎవరు ఇష్టపడతారు?

రాణికి మొదట దొరికిన ఫోస్టర్ ఇల్లు ఐదో అంతస్తులో, ఇద్దరే ఉండే ఇల్లు. భార్యాభర్తలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇంటినుంచే పని, టీవీ చప్పుడు కూడా ఉండదు. బెదిరిన కుక్కకు ఇంతకన్నా ఏం కావాలని ఎవరైనా అంటారు. రాణి రోజంతా తలుపు దగ్గర నిలబడింది. లిఫ్టు శబ్దమైతే చెవులు రిక్కించేది. వాళ్లిద్దరూ ఓపికమంతులు, దాన్ని శ్రద్ధగా గమనించి ఫోన్లో ఒక మాట చెప్పారు: ‘దీనికి నిశ్శబ్దం నచ్చడం లేదండీ, మనుషుల రాకపోకలు కావాలి, కాకపోతే తన జోలికి ఎవరూ రాకూడదు.’ ఆసుపత్రి వరండాలో పెరిగిన కుక్క మరి! ఆ మాటను పట్టుకుని వెతికితే బట్టలు కుట్టే ఒకావిడ ఇల్లు కుదిరింది. కింది వాటా, వీధి వైపు వరండా, జాకెట్లు తెచ్చేవాళ్లు, తీసుకెళ్లేవాళ్లు. కటింగు బల్ల కింద పాత బొంత వేస్తే రాణి అక్కడినుంచి వచ్చేవాళ్ల కాళ్లను చూస్తూ పడుకుంటుంది. వంటింట్లో మిక్సీ వేస్తే మాత్రం ఇప్పటికీ వీధి గేటు దాకా పోతుంది. ఆవిడ ‘పోనీలెండి, మా ఆయనా అంతే’ అంటుంది.

అందుకని ఇల్లు వెతికేవాళ్లు ‘మంచి ఇల్లు’ కోసం వెతకడం మానేసి, ఆ కుక్కకు సరిపోయే ఇంటి కోసం వెతకాలి. ఫోస్టర్ ఇంటివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాస్తే సగం పని అయినట్టే. ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ వచ్చే దత్తత ప్రకటనలు చూస్తే ఎక్కువగా ఏడుపే ఉంటుంది. జాలీ వెనక తడి కళ్లు, ‘ఈ మూగజీవిని ఎవరూ కోరుకోవడం లేదు’ అనే మాట. జాలి వల్ల ఫోన్లు వస్తాయి, నిజమే. జాలితో తీసుకెళ్లినవాళ్లకు ఆ కుక్క కృతజ్ఞత చూపించాలనే ఆశ కూడా ఉంటుంది. అది వారం రోజులు మంచం కింద దాక్కుంటే నొచ్చుకుంటారు. అంతకన్నా వరండాలో కూర్చోబెట్టి, దాని కళ్ల ఎత్తున కెమెరా పెట్టి తీసిన ఫోటో మేలు. దాని కింద దాని అలవాట్లు, దాని పేచీలు, రెండూ రాయాలి. ‘ఖాకీ బట్టలకు భయపడుతుంది, ఆటోవాళ్లను చూసి మొరుగుతుంది’ అని రాస్తే ఫోన్లు తగ్గుతాయి. తగ్గాలి కూడా.

అడగాల్సిన ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకూడదు. పగలు ఇంట్లో ఎవరుంటారు? అద్దె ఇల్లా, ఓనరుకు చెప్పారా? సంక్రాంతికి ఊరెళితే కుక్క ఎక్కడుంటుంది? అత్తగారికి ఇష్టమేనా? ఈ చివరి ప్రశ్నకు జవాబు బట్టి నేను చాలా తేల్చుకుంటాను. అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోదంటే ఒక సంగతి గుర్తుచేయాలి: పెంపుడు కుక్కల మీద నిషేధం పెట్టే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఇంకో రకం ఫోన్లు హైదరాబాదు చుట్టుపక్కల నుంచి వస్తాయి: ‘ఫామ్‌హౌస్‌లో కాపలాకు కావాలండీ, వాచ్‌మన్ అన్నం పెడతాడు.’ భయపడే కుక్కను తీసుకెళ్లి ఊరవతల తోటలో గొలుసుకు కట్టేస్తే, దానికి బోను మారింది, అంతే. నేను ఇవ్వను.

కూనే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఒక లెక్క చెబుతుంటాను. 2025 ఆగస్టులో హైదరాబాదు నగరపాలక సంస్థ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి పనే. పెద్ద కుక్కలకు అలాంటి మేళాలు అరుదు. ఇందాక చెప్పిన అనిందిత భద్ర బృందమే పశ్చిమ బెంగాల్లో వీధికుక్క పిల్లలను వెంబడించి చూస్తే, పెరిగి పెద్దయి పిల్లల్ని కనే వయసు దాకా బతికినవి 19 శాతమే. అంటే మీ ముందు మూల కూర్చున్న నాలుగేళ్ల కుక్క లారీలను, జబ్బులను, మనుషులను దాటుకుని వచ్చింది. రోడ్డు దాటడం దానికి మీరు నేర్పక్కర్లేదు. కూనలా చెప్పులు కొరకదు, రాత్రంతా ఏడవదు. ఎంత పెరుగుతుందో, ఎలా ఉంటుందో ఇప్పుడే కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చిన మొదటి రోజులు చాలా జాగ్రత్తగా గడపాలి. కొత్తగా వచ్చిన బెదురు కుక్కకు ఆ రోజుల్లోనే పారిపోయే ప్రమాదం ఎక్కువ. మెడ పట్టీలోంచి తల వెనక్కి లాక్కోవడం దానికి చిటికెలో పని. అందుకే మెడ పట్టీకొక తాడు, ఛాతీ పట్టీకొక తాడు, రెండూ పట్టుకుని గేటు దాటాలి. దీపావళి ముందు వారంలో మాత్రం కొత్త కుక్కను తేవద్దు.

మన ఇల్లు మనకు మామూలుగా ఉంటుంది. వీధిలో పెరిగిన కుక్కకు అందులో ఒక్కటీ మామూలు కాదు. నున్నటి టైల్స్ మీద దానికి కాళ్లు జారతాయి, నాలుగు పాత పట్టాలు పరవండి. నెత్తిమీద తిరిగే ఫ్యాన్ను అది ఎప్పుడూ చూసి ఉండదు. కుక్కరు విజిలు, కాలింగ్ బెల్లు, పూజలో గంట, టీవీలో సీరియల్ అత్తగారి అరుపు, అన్నీ కొత్త. టైల్స్ మీద ఒంటికి పోయకపోతే మొండితనం అనుకోవద్దు, దానికి మట్టి కావాలి. వెనక పెరట్లోనో రోడ్డు పక్కనో మట్టి చూపించండి. చుట్టాలను పిలిచి చూపించడం, స్నానం చేయించడం, ఫోటోలు, ఇవన్నీ తర్వాత. ఒక మూల, ఒక పరుపు, నీళ్ల గిన్నె. పిల్లలు ఆ మూలకు పోకూడదు, అన్నం తింటుంటే దగ్గరికి వెళ్లకూడదు. పెద్దవాళ్లు లేకుండా చిన్నపిల్లల్ని కుక్క దగ్గర ఒంటరిగా వదలకూడదు, అది ఎంత మంచి కుక్కయినా సరే.

షెల్టర్లవాళ్లు మూడు మూడ్ల లెక్క ఒకటి చెబుతారు: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. ఇది శాస్త్రం కాదు, అనుభవంతో అనే మాట. కొన్ని కుక్కలకు మూడు గంటలు చాలు, కొన్నిటికి ఏడాది పడుతుంది. మనం ఓపిక పట్టడానికి మాత్రం పనికొస్తుంది. మరీ వణుకు తగ్గకపోతే పశువైద్యుడు మందులు ఇవ్వగలడు. మీ ఇంట్లో మనుషులకు వాడే పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ మాత్రం వేయవద్దు, కుక్కలకు అవి విషంతో సమానం.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొన్ని కుక్కలు తిరిగొస్తాయి. తిరిగి తెచ్చినవాళ్లను ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి తిట్టే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. దానివల్ల జరిగేదేమిటంటే, తర్వాతివాళ్లు తిరిగి తేవడానికి సిగ్గుపడి రాత్రిపూట ఎక్కడో ఔటర్ రింగురోడ్డు పక్కన వదిలేస్తారు. ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసుకోవాలి: కుదరకపోతే ఎప్పుడైనా మాకే తెచ్చివ్వండి, కారణం అడుగుతాం, నింద వేయం. ఆ కారణంలోనే తర్వాతి ఇంటికి దారి దొరుకుతుంది.

అమెరికా వెళ్లిపోతున్నామని తెచ్చి అప్పజెప్పేవాళ్లు కూడా కొందరున్నారు. వీసా వచ్చే ఆలోచన ఉంటే ముందే చెప్పండి. వెంట తీసుకెళ్లాలనుకుంటే, 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు గట్టిగా ఉన్నాయి: కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, మన దేశంలాంటి రేబిస్ ఎక్కువున్న దేశాల నుంచి వెళ్లేవాటికి టీకా పత్రాలు, రక్త పరీక్ష వంటివి అదనం. నెలల ముందునుంచే మొదలుపెట్టాలి.

ఫోస్టర్‌గా ఒక కుక్కను కొన్నాళ్లు ఉంచుకుందామని మీలో ఎవరికైనా అనిపిస్తే, ముందు మీరు రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకోండి. కుక్క బెదిరి పన్ను తగిలిస్తే ఆ చోట సబ్బుతో ధారగా నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ముందే టీకా వేయించుకున్నా సరే, వెళ్లాలి. తర్వాత మీ దగ్గర్లోని షెల్టరుకు ఫోన్ చేసి, పనిరోజు మధ్యాహ్నం తిండి పెట్టడం అయ్యాక రావచ్చా అని అడగండి. ఆ వేళ చాలా కుక్కలు పడుకుని ఉంటాయి, పనివాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. అందరికన్నా ఎక్కువ కాలంగా ఉన్నదేది, ఎవరూ అడగనిదేది అని అడగండి. బయటికి తీసుకురమ్మని, ప్రహరీ పక్కన నీడలో దాంతో కాసేపు కూర్చోండి. పేపరు మాత్రం మరిచిపోకుండా వెంట తీసుకెళ్లండి.